రోబోను బతికించే చెయ్యి

సౌదీలోని దమ్మామ్, అల్ ఖోబర్ వైపు ఎండాకాలం షమాల్ గాలి వీచిందంటే, కాంపౌండ్‌లోని స్విమ్మింగ్ పూల్ అడుగంతా తెల్లారేసరికి పిండిలాంటి ఇసుక. దాన్ని పీల్చడానికి రోబో ఉంది. ఆ రోబోను బతికించే మనుషుల్లో కరీంనగర్, జగిత్యాల నుంచి వెళ్లిన మనవాళ్లూ ఉన్నారు.

రోబో ఒకేచోట గిరగిరా తిరుగుతుంటే కొత్తవాళ్లు మోటారు పోయిందంటారు. మా పూల్ చూసే అన్న కంగారుపడడు. ముందు ప్లగ్ తీస్తాడు. ఫిల్టర్ బుట్ట కడుగుతాడు. కేబుల్ మెలికలు పడితే గట్టు మీద ఎండలో బారుగా పరిచి, మెలిక వదిలేదాకా ఉంచుతాడు. ఆ తర్వాత నీళ్లను లాగే ఇంపెల్లర్ మూత విప్పి, చుట్టుకున్న వెంట్రుకల్ని పట్టకారుతో ఒక్కొక్కటే లాగుతాడు. ఒకసారి నా కళ్లముందే అందులోంచి వేలెడంత ఖర్జూరపు ఈనె బయటికొచ్చింది. జబ్బల్లా అదే!

రోబోను కేబుల్ పట్టి ఎప్పుడూ పైకెత్తడు. గట్టు దగ్గరికి తెచ్చి, పిడి పట్టుకుని, నీళ్లు కారేదాకా ఆగుతాడు. ఆ ఆగడంలోనే పనితనం ఉంది. కరెంటు పెట్టె మాత్రం నీళ్లకు దూరంగా, నీడలోనే.

జూన్ 15 నుంచి సెప్టెంబర్ 15 వరకు మధ్యాహ్నం 12 నుంచి 3 దాకా నేరుగా ఎండలో పని చేయించకూడదని సౌదీలో నిబంధన. అందుకే అతను తెల్లవారుజామునే వస్తాడు. పిల్లల్ని ఈతకు తీసుకెళ్లినప్పుడు, గట్టు మీద కేబుల్ చుడుతున్న ఆ మనిషిని పేరు పెట్టి పలకరించండి.