కోడె పెద్ద బండకు ఎప్పుడు సిద్ధమైనట్టు?

నంద్యాల నుంచి ఆళ్లగడ్డకు వెళ్లే దారిలో, తిరునాళ్ల కాలంలో గోడల మీద అంటించిన పోస్టర్లను ఆగి చదవండి. పైన దేవుడి బొమ్మ, పక్కన నాయకుల బొమ్మలు, కింద ఎద్దుల బండలాగుడు పోటీల వివరాలు. ఒకరోజు పాలపళ్ల విభాగం, మరుసటి రోజు రెండు పళ్లు, ఆపైన నాలుగు పళ్లు, ఆరు పళ్లు, తర్వాత న్యూ కేటగిరీ, జూనియర్లు, అన్నిటికన్నా పైన సీనియర్లు. మెట్టు ఎక్కేకొద్దీ బండ బరువు పెరుగుతుంది, బహుమతి పెరుగుతుంది, జనమూ పెరుగుతారు. మామూలు జనానికి సీనియర్ల రోజే పండగ. ఎద్దుల సంగతి తెలిసినవాళ్లు మాత్రం నాలుగు పళ్ల రోజున, ఆరు పళ్ల రోజున తప్పకుండా వచ్చి కూర్చుంటారు. రెండేళ్ల తర్వాత పెద్ద బండకు కట్టబోయే కోడెలు ఏవో వాళ్లు అక్కడే వెతుక్కుంటారు.

ఈ వెతుకులాట ఒక విద్య. ఒంగోలు జాతిని ఇన్ని తరాలు నిలబెట్టిన విద్యల్లో ఇదీ ఒకటని నా నమ్మకం. దీని లోతు తెలియనివాళ్లకు బండలాగుడు అంటే దుమ్ము, మైకు, ఈలలు మాత్రమే.

ముందు పళ్ల లెక్క. ఎద్దుకు పైదవడలో ముందుపళ్లు ఉండవు, గట్టి చిగురే ఉంటుంది. కింది దవడలో ఎనిమిది ఉంటాయి. దూడ నోట్లో ఆ ఎనిమిదీ పాలపళ్లే. సుమారు రెండు, రెండున్నరేళ్లకు నడిమి జత ఊడి, అక్కడ వెడల్పైన పళ్లు రెండు మొలుస్తాయి. అప్పుడది రెండు పళ్ల కోడె. మూడేళ్ల ప్రాంతంలో నాలుగు పళ్లు, మూడున్నర నాలుగేళ్లకు ఆరు, నాలుగున్నర ఐదేళ్లకు ఎనిమిదీ పూర్తవుతాయి. జాతిని బట్టి, మేతను బట్టి కొన్ని నెలలు అటూ ఇటూ కావచ్చు. పుట్టిన తేదీ కాగితం లేని పశువుకు నోరే సాక్ష్యం. అందుకే పోటీకి ముందు నోరు తెరిచి చూస్తారు. కోడె తన ఈడు కోడెలతోనే, వయసుకు తగ్గ బండతోనే పోటీ పడేలా చూసే కట్టుబాటు ఇది. ఇందులో ఉన్న ఇంగితానికి చేతులెత్తి మొక్కాలి.

అయితే పన్ను వయసు చెబుతుంది గానీ సత్తువ చెప్పదు. ఒంగోలు జాతి నిదానంగా ఎదిగేది. పశువుల తొడ ఎముక చివర్లలో, భుజపు ఎముక పైకొసలో ఎదుగుదలకు తావిచ్చే మెత్తటి పొరలు మూడున్నర నాలుగేళ్ల దాకా గట్టిపడవు. వెన్నుపూసలకు ఇంకా ఎక్కువ కాలం పడుతుంది. అంటే ఆరు పళ్లు వేసి, ఒళ్లంతా కండ పట్టి, నిగనిగలాడుతున్న కోడెకు లోపల ఎముక ఇంకా ముదరలేదన్నమాట. ఉలవలు, పత్తిగింజలు, వేరుశనగ చెక్క పెట్టి ఒక్క ఏడాదిలో కండ పెంచవచ్చు. ఎముకను తొందరపెట్టే దాణా ఏదీ లేదు. పొరపాటంతా ఇక్కడే జరుగుతుంది. నాలుగు పళ్లలో వరుసగా గెలిచిన జతను చూసి ఊరంతా పొగుడుతుంది, బేరగాళ్లు వస్తారు, ఇంక పెద్ద బండకు కట్టొచ్చని నలుగురూ అంటారు. యజమాని ఆ మాట విన్నాడా, కోడె కాళ్లు దెబ్బతింటాయి. గెలిచిన జతను ఇంకో ఏడాది పెద్ద బండకు కట్టకుండా ఆపగలిగినవాడే ఈ విద్యలో పెద్దవాడు.

పోటీలో కొలిచేది ఒక్కటే. పదో, పదిహేనో, ఇరవయ్యో నిమిషాలు ఇస్తారు. ఆ సమయంలో జత బండను ఎన్ని అడుగులు లాగిందో టేపు పెట్టి కొలుస్తారు. మరునాడు పత్రికలో వచ్చేది ఆ అంకె. బహుమతి ఇవ్వడానికి అది చాలు. పై మెట్టుకు పనికొస్తుందో లేదో తేల్చడానికి చాలదు. పదిహేను నిమిషాల్లో 3,000 అడుగులు లాగిన జతలు రెండున్నాయనుకుందాం. ఒక జత మొదటి ఐదు నిమిషాల్లో 2,000 అడుగులు ఉరికి, తర్వాత ఆగుతూ ఆగుతూ మిగతా వెయ్యి పూర్తిచేసింది. రెండో జత మొదటి నిమిషం ఎలా నడిచిందో చివరి నిమిషమూ దాదాపు అలాగే నడిచింది. అంకె ఒకటే. తెలిసిన రైతు రెండో జత దగ్గరికే వెళ్లి యజమానితో మాట కలుపుతాడు.

దీనికి కారణం బండలోనే ఉంది. నిలిచి ఉన్న బండను కదిలించడానికి పట్టే బలం, కదులుతున్న బండను లాగడానికి పట్టే బలం కంటే ఎక్కువ. ఆగిన ప్రతిసారీ జత ఆ అదనపు మూల్యం మళ్లీ చెల్లించాలి. తేలిక బండ ముందు ఆ తేడా పెద్దగా తెలియదు. ఉరకలు వేసే కోడె మూడుసార్లు ఆగినా మూడుసార్లూ లేపగలదు. బండ బరువు పెరిగిందంటే ఆ మూల్యమూ అంతే పెరుగుతుంది. నాలుగు పళ్లలో ఆగి ఆగి గెలిచిన జత సీనియర్ బండ ముందు ఒకసారి ఆగితే ఇక కదలదు. అందుకే ఎంత దూరం పోయిందన్నది తర్వాత, ఎన్నిసార్లు ఆగింది, ఆగాక ఎలా లేపిందన్నది ముందు చూడాలి. తల కిందికి వంచి, వెనక కాళ్లు నేలలో దిగేసి, ఒక్క ఊపున లేపే కోడె ఒకటి. మెడ అటూ ఇటూ విసురుతూ, కాడిని కుదుపుతూ లేపేది ఇంకొకటి. రెండోదాని బలం బండకు చేరేలోపే సగం వృథా అవుతుంది. ట్రాక్ చివర మలుపులో కూడా ఇదే పరీక్ష. మళ్లేటప్పుడు అడుగు తడబడకుండా, ఊపు పోకుండా తిరిగిన జత సెకన్లు మిగుల్చుకుంటుంది. పెద్ద పోటీల్లో ఆ సెకన్లే బహుమతులు మారుస్తాయి.

సేద్యంలో ఎద్దు రోజంతా లాగేది దాని ఒంటి బరువులో సుమారు పదో వంతు నుంచి ఏడో వంతు బలంతోనే. పోటీ బండ అంతకు ఎన్నో రెట్లు అడుగుతుంది, కొద్ది నిమిషాలే అయినా. ఆ కొద్ది నిమిషాలకు ఊపిరి చాలాలి. కాడి దించాక జతను చెట్టుకింద కట్టేస్తారు కదా, అసలు పరీక్ష అక్కడ మొదలవుతుంది. డొక్కలు ఎంతసేపు ఎగసిపడుతున్నాయి? నాలుక ఎప్పుడు లోపలికి పోయింది? నెమరు ఎప్పుడు మొదలైంది? మరుసటి ఉదయం లేచేటప్పుడు ముందుకాలు మోపడానికి ఏమైనా జంకుతోందా? సాయంత్రానికల్లా నెమరు వేసి, పొద్దున్నే దాణా తొట్టి ఖాళీ చేసిన కోడెకు ఇంకా సత్తువ మిగిలి ఉందని అర్థం. మొదటి బహుమతి తెచ్చి రెండు రోజులు మేత ముట్టని కోడె తనకున్నదంతా అక్కడే ఖర్చుపెట్టేసింది. పై మెట్టుకు తీసుకెళ్లడానికి దాని దగ్గర ఇంకేమీ లేదు. జనం లేచి వెళ్లిపోయాక ఆ చెట్టుకింద కాసేపు నిలబడే ఓపిక ఉన్నవాళ్లు తక్కువ.

ఒంటి తీరు గురించి వినిపించే మాటలు చాలా ఉన్నాయి. మూపురం నిండుగా ఉండాలి, గంగడోలు వేలాడాలి, కొమ్ములు పొట్టిగా ఉండాలి, కంటి రెప్పలు, గిట్టలు, తోక కుచ్చు నల్లగా ఉండాలి. ఇవి జాతి లక్షణాలు. జాతి శుద్ధిగా ఉందని చెబుతాయి, అంతే. సుడులు చూసి కొనేవాళ్లూ ఉన్నారు. నమ్మకాన్ని తప్పుపట్టను గానీ, సుడి బండను లాగదు. నేనైతే కాళ్ల దగ్గర మొదలుపెట్టమంటాను. గిట్ట రెండు చీలికలూ సమంగా, బిగువుగా ఉన్నాయా? వెనక నుంచి చూస్తే కాళ్లు తిన్నగా ఉన్నాయా, మోకీళ్లు లోపలికి ఒరుసుకుంటున్నాయా? ఆ తర్వాత రొమ్ము వెడల్పు, నడుము, తొడ. మెడ ఆఖరున చూడాలి. కాడి ఆనే చోట చర్మం గట్టిపడి ఆరిపోయి ఉంటే సాధన క్రమంగా సాగిందని తెలుస్తుంది. పచ్చిపుండు ఉంటే ఎవరో తొందరపడ్డారని అర్థం.

ఇంతా చేసి, పోటీకి దిగేది ఒక కోడె కాదు, జత. ఎడమ పక్క దాపటిది, కుడి పక్క వెలపటిది. ఒక్కొక్కదాన్నీ విడివిడిగా చూస్తే బంగారంలాంటి కోడెలు రెండు, కాడి కింద కలవకపోవచ్చు. ఒకదాని అడుగు పెద్దది, ఇంకోదానిది చిన్నది అయితే కాడి వంకరపోతుంది, బండ పక్కకు ఈడుస్తుంది. రెండు కోడెలు ఒకే ఈడులో, ఒకే ఎత్తులో పెరగాలంటే పాలపళ్ల నుంచే జత చేయాలి. కలిపి కాడి అలవాటు చేయాలి, కలిపి నడిపించాలి. పైగా రెండూ ఒకే రోజున ఎదగవు. దాపటిది సిద్ధమై, వెలపటిది ఇంకా ఆరు నెలలు వెనకబడి ఉండొచ్చు. అప్పుడు జత మొత్తం ఆగాల్సిందే. సిద్ధమైనదానికి వేరే ఊరి నుంచి ముదురు ఎద్దును తెచ్చి కట్టి పెద్ద పోటీకి దింపేవాళ్లున్నారు. ఒకటి రెండు బహుమతులు రావచ్చు. ఇంట్లో మిగిలిపోయిన కోడె మాత్రం తోడు పోగొట్టుకుంటుంది. కలిసి పెరిగిన జత విలువ ఏ బహుమతికీ తీసిపోదని నా అభిప్రాయం.

అమెరికాలో బేస్‌బాల్ ఆటకూ ఇలాంటి మెట్లున్నాయి. మేజర్ లీగ్‌లో 30 జట్లు. ఒక్కో జట్టు కింద సింగిల్-ఎ, హై-ఎ, డబుల్-ఎ, ట్రిపుల్-ఎ అని నాలుగు అంచెల్లో కుర్రాళ్లు ఆడుతుంటారు. వాళ్లను చూడడానికి ఊరూరా తిరిగే స్కౌట్లు 20 నుంచి 80 దాకా మార్కులు వేస్తారు. 50 అంటే మేజర్ లీగ్ సగటు ఆటగాడి స్థాయి. ఒక్కో నైపుణ్యానికి రెండు మార్కులు రాసుకుంటారు: ఇవాళ ఎంత, పూర్తిగా ఎదిగాక ఎంత. కింది అంచెలో పరుగులు దంచిన కుర్రాడు పైన నిలవకపోవడం అక్కడ మామూలే. అందుకే కింద ఎన్ని పరుగులు చేశాడన్నదానితో సరిపెట్టుకోకుండా, ఎలాంటి బంతులకు చేశాడు, ఏ బంతికి మోసపోయాడు అని చూస్తారు. మన పోటీల్లో ఇవాళ్టి మార్కు ఒక్కటే ఉంది, అదే అడుగుల లెక్క. రేపటి మార్కు అనుభవమున్న రైతుల తలలోనే ఉండిపోయింది. దాన్ని వాళ్లు తల్లి ఆవు ఎత్తును, తండ్రి ఆబోతు కాళ్లను గుర్తుపెట్టుకుని వేస్తారు.

చర్నాకోల సంగతీ ఇక్కడే చెప్పాలి. మాటకు, పగ్గం కదలికకు కదిలే జత ఉంది. దెబ్బ పడితేనే కదిలే జత ఉంది. రెండోది ఎన్ని అడుగులు లాగినా పై మెట్టుకు సిద్ధం కానట్టే లెక్క, ఎందుకంటే ఆ అడుగులు దాని శక్తికి మించినవని అదే చెబుతోంది. 1960 నాటి జంతుహింస నిరోధక చట్టం పశువును కొట్టడాన్నీ, శక్తికి మించి పని చేయించడాన్నీ నేరమంటుంది. 2014 మే 7న సుప్రీంకోర్టు జల్లికట్టును, ఎడ్లబండి పందేలను నిషేధించింది. తమిళనాడు, మహారాష్ట్ర, కర్ణాటక ఆ 1960 చట్టాన్ని తమ రాష్ట్రాల వరకు సవరించుకున్నాక, 2023 మే 18న ఐదుగురు న్యాయమూర్తుల ధర్మాసనం ఆ సవరణలను సమర్థించింది. ఆ తొమ్మిదేళ్ల వాదనలో మనం నేర్చుకోవాల్సింది ఉంది. పశువును బాధపెట్టని సంప్రదాయమే కోర్టు ముందు, జనం ముందు తలెత్తుకు నిలబడుతుంది. వయసుకు తగ్గ బండ అన్న మన పళ్ల కట్టుబాటు ఆ దారిలోనే ఉంది. దాన్ని తుదిదాకా పాటించాలి.

ఈ ఎంపిక విద్య వల్ల లాభమేమిటని అడిగేవాళ్లకు కుందూ నది పక్కన ఉన్న నల్లరేగడిని చూపిస్తాను. వాన పడితే జిగురు, ఎండితే రాయి. ఈ నేలను దున్నడానికి బలమైన ఎద్దు కావాలి కాబట్టే నంద్యాల, ఆళ్లగడ్డ రైతు ఎద్దుల ఎంపికలో అంత కన్ను సంపాదించాడు. ట్రాక్టర్ వచ్చాక పొలంలో ఎద్దుకు పని తగ్గింది. ఆ కన్నుకు పని దొరికే చోటు ఇప్పుడు తిరునాళ్ల ట్రాకే. గెలిచిన కోడె తల్లికీ, దాన్ని పుట్టించిన ఆబోతుకూ గిరాకీ వస్తుంది. దూడను కబేళాకు అమ్మకుండా పెంచడానికి రైతుకు ఒక కారణం దొరుకుతుంది. మన ఒంగోలు పశువులే సముద్రం దాటి బ్రెజిల్ చేరి, నెల్లూరు పేరు మీద నెలోర్ జాతిగా ఆ దేశపు మందల్లో సింహభాగమయ్యాయి. అక్కడి పెంపకందార్లు దూడల తల్లిదండ్రుల వివరాలు, బరువు, ఎదుగుదల రాసుకుంటూ ఆ స్థాయికి వచ్చారు. 2002లో హైదరాబాద్‌లో జరిగిన జాతీయ క్రీడలకు ఒంగోలు గిత్తనే చిహ్నంగా పెట్టుకున్న మనం, మన కోడెల లెక్క మాత్రం అంత శ్రద్ధగా రాసుకోలేదు.

పోటీలు నిర్వహించే కమిటీలకు నా విన్నపం ఇదే. మొత్తం అడుగులతో పాటు నిమిషం నిమిషానికీ ఎన్ని అడుగులో రాయండి. ఎన్నిసార్లు ఆగిందో, ఎన్నిసార్లు చర్నాకోల ఎత్తారో రాయండి. కాడి దించిన అరగంటకు పశువైద్యుడి చేత ఊపిరి, కాళ్లు చూపించి ఆ వివరమూ చేర్చండి. తల్లి, తండ్రి పేర్లు అడిగి పక్కన పెట్టండి. ఆ పుస్తకాన్ని మరుసటి ఏడాది పోటీ రోజున అందరూ చూసేలా మైకు దగ్గరే ఉంచండి. ఇక కోడెలున్న రైతన్నలకు ఒక్క మాట: నాలుగు పళ్లలో గెలిచారా, సంతోషం. ఎనిమిది పళ్లూ వచ్చేదాకా సీనియర్ బండకు కట్టకండి.