అతుకుల బొంతయు, అతుకు కనబడని పాటయు

గత ఉగాదినాడు బరంపురములో మన సంఘమువారి వేదికపై పిల్లలాడిన నృత్యమునకు వాద్యబృందము లేదు. నాలుగు పాటలను కంప్యూటరులో కోసి, అతికి, పదకొండు నిమిషముల మాలికగా కూర్చి వినిపించిరి. పిల్లల అడుగులను గూర్చి మేము వ్రాయబోము. అవి చక్కగానే యున్నవి. ఆ మాలికను గూర్చియు, పిమ్మట ఒక పెద్దకర్మనాడు మేము విన్న వేరొక కూర్పును గూర్చియు కొంత చెప్పదలచితిమి. మేము సంగీత విద్వాంసులము గాము. జీవితమంతయు ఫైళ్లు కూర్చిన గుమాస్తాలము. ఉద్యోగ విరమణానంతరము మనుమని చలవవలన ఆడాసిటీ అను ఉచిత సాఫ్ట్‌వేరును కొంత నేర్చినవారము.

ఈ ఆడాసిటీ 1999లో అమెరికాలోని కార్నెగీ మెలన్ విశ్వవిద్యాలయమున మొదలై, 2000లో లోకమునకు అందినది. అంతకుముందు టేపును బ్లేడుతో ఏటవాలుగా కోసి, అంటుపట్టీతో అతికెడివారు. చేయి వణకినచో పాట చెడెడిది. కనుక కోయువాడు పదిమారులు విని గాని కోసెడివాడు కాడు. నేడట్లు గాదు. సి.డి. నాణ్యతలో సెకనుకు 44,100 మారులు ధ్వనిని కొలిచి, కంప్యూటరు అంకెలుగా వ్రాసికొనును. తెరపై అది అలవలె కనబడును. అల నడిమి గీతను దాటుచోట కోసినచో అతుకు వినబడదు; శిఖరమున కోసినచో అతుకుకడ 'టిక్కు'మనును. ఇంకను జంకుగా నున్నచో మొదటిదానిని తగ్గించుచు రెండవదానిని హెచ్చించుచు కొంతమేర కలిపివేయవచ్చును. దీనినే క్రాస్‌ఫేడ్ అందురు.

ఉగాది మాలికలో 'టిక్కు'లు లేవు. కూర్చినవారు ఆపాటి శ్రద్ధ వహించిరి. కాని మొదటి కీర్తన చివరి అక్షరముపై గాయని గమకము ఇంకను దిగిరాకమునుపే జానపదపు డప్పు మీదపడినది. పాట యనగా అక్షరము ముగిసినచోట ముగియునది గాదు. దాని అనురణనము గాలిలో చల్లారినచోట ముగియును. అంతేకాక రెండవ పాట శ్రుతి మొదటిదానికంటె అరమెట్టుకన్న కొంచెము తక్కువగా నుండెను. చీకటిలో లేని మెట్టుపై కాలు వేసినట్లు మా చెవి తూలినది. వేగము మార్చక శ్రుతిని మాత్రము సవరించు సాధనము ఆ సాఫ్ట్‌వేరులోనే కలదు. దాని జోలికి పోయినట్లు లేదు. అన్నిటికంటె పెద్ద లోపము తాళము. ఆదితాళపు ఎనిమిది అక్షరములలో అయిదవదానికడ కోసి, తరువాతి పాటను సమమున మొదలిడిరి. వరుస చివర నున్న చిన్నపిల్ల కాలు ఎత్తి, ఎక్కడ దింపవలెనో తెలియక అరక్షణము అట్లే నిలిచినది. కోత తప్పని మాకు మొదట తెలిపినది ఆ పాదమే.

అయినను ఈ తప్పులు అతుకులబొంత తప్పులు. బొంత అతుకు దాచదు. విన్న ప్రతివానికిని ఇది కూర్చినదని తెలియును. పూర్తి పాట వేరొకచోట కలదనియు తెలియును.

పెద్దకర్మనాటి సంగతి వేరు. 1974లో స్వర్గస్థులైన ఘంటసాల వేంకటేశ్వరరావుగారి భగవద్గీత రికార్డు మన యిండ్లలో ఎట్టి సమయమున వినబడునో చెప్పనక్కరలేదు. ఆనాడును అదియే మ్రోగినది. కొంతసేపటికి మాకేదో వెలితిగా తోచినది. శ్లోకము వెంట శ్లోకము వచ్చుచున్నది. నడుమ రావలసిన తెలుగు తాత్పర్యము లేదు. అతుకు ఎక్కడనో పట్టుకొన ప్రయత్నించి ఓడిపోయితిమి. శ్రుతి చెడలేదు, ఊపిరి తెగలేదు. మేము విన్న కూర్పులలో పనితనమున అదియే మొదటిది.

కూర్చిన యువకుడు మాకు వరుసకు కుమారుడగును. అడిగితిమి. "పెదనాన్నగారూ, వచ్చినవాళ్లలో సగంమంది ఒడియావాళ్లు. తెలుగు వాళ్లకు బోధపడదు. శ్లోకమైతే అందరిదీను" అనెను. మర్యాద తెలిసిన మాటయే. గాయకుడు మాత్రము ఏడువందల శ్లోకములను పాడెనా, కొన్నింటినే ఏరుకొనలేదా అనియు అతడు వాదింపవచ్చును. నిజమే. గ్రామఫోను కాలమున పది అంగుళముల రికార్డు ఒక్కొక్క ముఖమునకు ఇంచుమించు మూడు నిమిషములే పట్టెడిది గనుక, నాటకపద్యములు పాడిన మహానటులు వేదికపై సాగదీసిన రాగమును తామే కుదించుకొనిరి. కాని ఆ కోత కోసినది పాడిన గొంతే. ఘంటసాలవారు శ్లోకములను తగ్గించి, ఆ చోటున తెలుగును నిలిపిరి. మనవాడు తెలుగును తగ్గించి ఆ చోటును కనబడకుండ మూసెను. అది ఎవ్వరును అడుగకయే మన చేతితో మనము తీసివేసికొన్న తెలుగు. నేర్పుగా తీసినందున సభలో ఒక్కరును గమనింపరైరి.

కచేరీలో మాకు మొదట నేర్పిన నియమమొకటి కలదు. తప్పు వ్రాసినచో గీకివేయరాదు. క్రింది అక్షరములు చదువనగునట్లు ఒక్క గీత గీసి, ప్రక్కన పొడిసంతకము చేయవలెను. ధ్వనిని కోయుటలో అట్టి గీత లేదు. అందుచేత మేము పిల్లలను కోరునది ఇంతే: అసలు ఫైలును ముట్టక, నకలును వేరు పేరుతో కోయవలెను, ఏమేమి తీసిరో ఒక కాగితముపై వ్రాసి యుంచవలెను. ఎంపీత్రీగా మరల మరల భద్రపరచినకొలది ధ్వని కొంత కొంత నశించును గనుక మూలమును వేవ్ ఫైలుగా దాచుట మేలు.

ఈ మాట చెప్పుటకు మాకర్హత కలదో లేదో! మా తల్లిగారు పాడిన మంగళహారతుల క్యాసెట్టును కంప్యూటరులోనికెక్కించిననాడు, పాటల నడుమ ఆమె దగ్గిన దగ్గులను, "పాలు పొంగిపోతున్నాయేమో చూడవే" అని కోడలితో అన్న మాటలను మేమే తీసివేసి, అదే పేరుతో భద్రపరచితిమి. క్యాసెట్టు తరువాత బూజుపట్టి పాడయ్యెను. హారతులు మిగిలినవి, వాటిని ఇతరులును పాడుదురు.

ఆ యువకుడు మాకంటె బుద్ధిమంతుడు. అసలు ఫైలును ఉంచుకొనెను. మాసికమునాడు తాత్పర్యముతో సహా పూర్తిగా వినిపించెను. పొరుగింటి ఒడియా పెద్దమనిషి తుదివరకు కూర్చుండి విని, లేచి వెళ్లునప్పుడు నడుమ వచ్చిన ఒక తెలుగు మాటకు అర్థమడిగెను. దానిని ఒడియాలో సరిగా చెప్పుటకు మాకు కొంతసేపు పట్టినది.