తాళంచెవి చేతికొస్తే చాలునా?

ముస్లింకి తన పేరు చెప్పుకోవడం మామూలు పని కాదు. అద్దెకిల్లు అడగబోతే, పేరు వినేదాకా ఖాళీగా ఉన్న ఇల్లు విన్నాక ‘నిన్ననే వేరేవాళ్లకిచ్చేశాం’ అయిపోతుంది. అందుకే కంప్యూటర్ల లోకంలో ‘ఎవరి గుర్తింపు వాళ్ల చేతుల్లోనే’ అన్న నినాదం వినపడినప్పుడు మిగతావాళ్లకంటే మనం ఎక్కువ శ్రద్ధగా వినాలి. విన్నాక ప్రశ్నించాలి కూడా.

ముందు ఆ నినాదంలోని న్యాయాన్ని ఒప్పుకుందాం. మన పేరూ, మన మాటా, మన పరిచయాలూ ఏదో ఒక పెద్ద కంపెనీ ఖాతాలో ఉంటున్నాయి. కంపెనీ తలుచుకుంటే ఖాతా పోతుంది. 2019లో, నాజీ సెల్యూట్ చేయకుండా చేతులు కట్టుకు నిలబడ్డ మనిషి ఫొటో పెట్టుకున్నందుకు సుప్రీంకోర్టు సీనియర్ న్యాయవాది సంజయ్ హెగ్డే ఖాతాను ట్విట్టర్ ఆపేసింది. ఆ రోజుల్లోనే నీలి టిక్కులకి కులముందని దళిత బహుజనులు నిలదీశారు. ఆ నవంబర్‌లో ఎంతోమంది మస్టోడాన్‌కి తరలిపోయారు. అక్కడ ఒకే యజమాని ఉండడు. ఎవరి సర్వర్ వాళ్లు పెట్టుకుని కూడా ఒకరితో ఒకరు మాట్లాడుకోవచ్చు. 2022 జులైలో వరల్డ్ వైడ్ వెబ్ కన్సార్టియం వికేంద్రీకృత గుర్తింపులకి ఒక ప్రమాణాన్ని ఆమోదించింది. ఈ పద్ధతిలో రహస్య తాళంచెవి మన దగ్గరే ఉంటుంది. ఇలాంటి గుర్తింపుకి డిజిటల్ ధ్రువపత్రాలు జోడిస్తే, పేరు చెప్పకుండానే ‘నాకు పద్దెనిమిదేళ్లు నిండాయి’, ‘నాకు పట్టా ఉంది’ అని రుజువు చేసుకోవచ్చు.

బాగుంది. కానీ మన అనుభవం ఇంకోటి చెబుతోంది.

గిట్‌హబ్ అని ఒక వేదిక ఉంది. ముఖాలు తెలియని ప్రోగ్రామర్లు ప్రపంచం నలుమూలల నుంచీ కలిసి పనిచేసే చోటు అది. అక్కడ నమ్మకానికి ఆధారం కులమూ కాదు, మతమూ కాదు, చేసిన పని. సహకారానికి నమూనాగా చూపించే ఆ చోటే 2021 జులైలో ముస్లిం స్త్రీల ఫొటోలు పెట్టి ‘వేలం’ వేశారు. 2022 జనవరి 1న మళ్లీ అదే పని, ఇంకో పేరుతో. ఆ స్త్రీలు జర్నలిస్టులు, కార్యకర్తలు, విమానం నడిపే పైలట్. సొంత పేరుతో, సొంత ముఖంతో సమాజంలో నిలబడ్డవాళ్లు. వాళ్లని వేలంలో పెట్టినవాళ్లు మాత్రం దొంగ పేర్ల వెనక దాక్కున్నారు. రెండో ఘటనలో నిందితులు సిక్కు పేర్లు తగిలించుకున్నారని ముంబై పోలీసులు చెప్పారు. అంటే ఒక మైనారిటీని అవమానించి, ఆ నింద ఇంకో మైనారిటీ నెత్తిన వేసే ఎత్తుగడ. పట్టుబడ్డవాళ్లలో ఇంజనీరింగ్ విద్యార్థులున్నారు. వాళ్లకి సాంకేతిక జ్ఞానం తక్కువై కాదు ఈ పని చేసింది.

ఇక్కడ ఏ తాళంచెవి ఆ స్త్రీలని కాపాడేది? వాళ్ల గుర్తింపుని ఎవరూ దొంగిలించలేదు. వాళ్లు ఎవరో తెలిసే, తెలిసినందుకే దాడి చేశారు. గుర్తింపు మన చేతిలో ఉండటం ఒక సంగతి. ఆ గుర్తింపుకి అవతలివాడు ఏ అర్థం అంటగడతాడన్నది వేరే సంగతి. మొదటిదానికి గణితం చాలు. రెండోదానికి చాలదు.

వికేంద్రీకరణ కూడా దానంతటదే న్యాయం చేయదు. 2019 జులైలో తీవ్ర మితవాదుల అడ్డా అయిన గాబ్, మస్టోడాన్ సాఫ్ట్‌వేర్‌నే తీసుకుని తన ఇల్లు కట్టుకుంది. ఎవరైనా వాడుకోవచ్చన్నప్పుడు ద్వేషించేవాడూ వాడుకుంటాడు. అయితే చాలా సర్వర్లు వెంటనే గాబ్‌కి తలుపులు మూసేశాయి. ఆ పని చేసింది సాఫ్ట్‌వేర్ కాదు, దాన్ని నడిపే మనుషులు. మన మొహల్లాలో ఎవరిని రానివ్వాలో మనమే తీర్మానించుకుంటామని నిలబడ్డ మనుషులు.

నమ్మకం మనుషుల మధ్య పుడుతుందన్నది మనకి కొత్త కాదు. హదీసు చెప్పేవాడు దాన్ని ఎవరి నోట విన్నాడో, ఆయన ఎవరి నోట విన్నాడో వరసగా చెప్పాలి. ఆ గొలుసే ఇస్నాద్. అందులోని ప్రతి మనిషి నిజాయితీనీ, జ్ఞాపకశక్తినీ తూచడానికి ఒక శాస్త్రమే పుట్టింది. హజ్రత్ ఆయెషా మొదలుకొని ఎందరో స్త్రీలు ఆ గొలుసులో సాక్షులుగా ఉన్నారు. 1991లో ఫిల్ జిమ్మర్‌మన్ పీజీపీ విడుదల చేశాక, ఒకరి తాళంచెవికి ఇంకొకరు సాక్ష్యం చెప్పే పద్ధతి కంప్యూటర్లలోకీ వచ్చింది. రెండింటి సారం ఒకటే. పైనున్నవాడి ముద్ర కంటే పక్కనున్నవాడి సాక్ష్యం ముఖ్యం.

మరి ఆ స్త్రీల పక్కన ఎవరు నిలబడ్డారు? మొదటి వేలం బయటపడ్డాక అరెస్టులకి ఆరు నెలలు పట్టింది. ఈ దేశపు లౌకికవాదులు ఎందరు ఆ ఆరు నెలలూ దీన్ని తమ సమస్య అనుకున్నారు? వాళ్లనే అడిగి ఊరుకోను. మన ఇళ్లలోనే మగవాళ్లు ‘అసలు ఫొటోలెందుకు పెట్టుకోవాలి?’ అనడం నేను విన్నాను. స్త్రీలని సాక్షులుగా నిలిపిన సంప్రదాయం మాదని చెప్పుకుంటూనే వాళ్లని మళ్లీ చాటుకి పొమ్మన్నాం. వేలం వేసినవాడు కోరుకున్నదీ అదే.

పేరు చెప్పకుండా అర్హత రుజువు చేసే విద్య మనకి పనికొస్తుంది. ముందు చెప్పిన ఆ ఇల్లు రేపు దానివల్ల దొరకొచ్చు కూడా. వద్దనను. కానీ పేరు దాచుకుంటే తప్ప ఇల్లు దొరకని ఊళ్లో, పేరు దాచే పరికరాన్ని విముక్తి అని పిలవలేను. గోడలు అలాగే ఉంటాయి, మనకి దొడ్డిదారి దొరుకుతుంది, అంతే. మా నాయనమ్మ పేరు మస్తాన్‌బీ. ఒక కాగితంలో మస్తానమ్మ, ఇంకో కాగితంలో మస్తాన్ బేగం. ఈ రెండు కాగితాలు కలవక ఆమె పింఛను కోసం ఎన్నిసార్లు తిరిగిందో! ఊళ్లో మాత్రం ఆమె ఎవరో చెప్పడానికి ఏ కాగితమూ అక్కర్లేకపోయింది. అన్ని కులాల పిల్లలకీ మంత్రసాని ఆమె. ఊరే ఆమెకి సాక్ష్యం.

తాళంచెవి తయారుచేసేవాళ్లని చేయనివ్వండి, తీసుకుందాం. ఆ సాక్ష్యం మాత్రం ఏ యంత్రమూ చెప్పదు. ‘ఈమెని నేనెరుగుదును, ఈమె మీద పడిన మాట నా మీద పడినట్టే’ అని పక్కింటివాళ్లే చెప్పాలి. ఆ పక్కింట్లో ఉన్నది, ఇది చదువుతున్న మీరే.