ఎన్ని కోతులు?

గుడి దగ్గరి కోతులు అడవి కోతులకన్నా ఎక్కువసేపు పేలు చూసుకుంటాయా? ప్రాజెక్టు పిల్లలు తెచ్చే ప్రశ్నల్లో నాకు బాగా నచ్చింది ఇది. తిండి చేతికి అందుతుంది కాబట్టి తీరిక ఎక్కువని వాళ్ల ఊహ. బాగానే ఉంది. షీటు చూడగానే నేనడిగేది మాత్రం పి-విలువ (అసలు తేడా లేకపోయినా ఇంత తేడా యాదృచ్ఛికంగా కనిపించే అవకాశం) ఎంతని కాదు, కోతులు ఎన్నని.

గుడి దగ్గర పది, అడవిలో పది అనుకుందాం. ఒక్కోదాన్ని ఇరవై గంటలు చూశారు. సగటున గంటకు 6 నిమిషాల తేడా తేలింది. నాలుగు వందల గంటల్నీ నాలుగు వందల విడి సాక్ష్యాలుగా కంప్యూటర్లో పోస్తే, 95 శాతం కాన్ఫిడెన్స్ ఇంటర్వెల్ 4 నుంచి 8 నిమిషాలని ముచ్చటగా వస్తుంది. కోతికో సగటు కట్టి ఇరవై అంకెలతోనే చేస్తే అదే ఇంటర్వెల్ -1.5 నుంచి 13.5 దాకా సాగిపోవచ్చు. మధ్యలో సున్నా! తేడా అసలు లేకపోనూవచ్చు, పదమూడు నిమిషాలు ఉండనూవచ్చు. 1984లో జీవావరణ శాస్త్రవేత్త స్టూవర్ట్ హర్ల్‌బర్ట్ ఇలా ఒకే కోతి గంటల్ని విడి సాక్ష్యాలుగా లెక్కేయడానికి సూడోరెప్లికేషన్ అని పేరుపెట్టాడు. గణాంక పరీక్షలు వాడిన క్షేత్ర ప్రయోగాల్ని తిరగేస్తే 48 శాతంలో ఇదే తంతు కనిపించిందట.

పేలు చూసుకోవడంలో ఇంకో తిరకాసుంది. ముసలి ఆడకోతి కళ్లు మూసుకుని వీపు అప్పగిస్తుంది. కూతురు వెంట్రుకలు పాయలు తీసి, ఏదో ఏరి నోట్లో వేసుకుంటుంది. షీటులో ఆ పది నిమిషాలూ రెండింటి ఖాతాలోనూ పడతాయి. అంటే పది కోతులు కూడా పది విడి సాక్ష్యాలు కావు. చూసింది ఒక గుడి గుంపు, ఒక అడవి గుంపు అయితే మన దగ్గరున్నది అటొకటి, ఇటొకటి. ఆ రెండు గుంపులకీ తేడా ఉందనొచ్చు. అది గుడి వల్లేనని తేల్చలేం.

మరి ఎన్ని గుంపులు కావాలి? అటు మూడు, ఇటు మూడు చూశారనుకోండి. గుడి, అడవి చీటీల్ని ఆరు గుంపులకూ 20 రకాలుగా పంచొచ్చు. గుడి గుంపులు మూడూ పైచేయి సాధించినా, తేడా ఎటువైపైనా ఉండొచ్చని ఒప్పుకుంటే, ఈ చీటీల పరీక్షలో పి-విలువ 2/20, అంటే 0.1 కన్నా దిగదు. గణాంక శాస్త్రవేత్త ఫిషర్ 1925 పుస్తకం నాటి నుంచి అందరూ పట్టుకు వేలాడే 0.05 గీత కిందికి రావడం అసాధ్యమన్నమాట. నాలుగేసి గుంపులైతే 70 పంపకాలు. 2/70, దాదాపు 0.03. అందుకే మరో మూడు గుళ్లు, మరో మూడు అడవి గుంపులు వెతుక్కోమంటాను. జాతర రోజులు తప్పించి.