మునిమాపు వెలుగులో పక్షిచిత్రణము

ధర్మపురికి పడమట పెన్నాగరము దాటి కావేరిలోయలోనికి దిగుకొలదియు సూర్యాస్తమయము పంచాంగముకంటె ముందుగనే వచ్చును. హోగెనక్కల్ వద్ద నది రాళ్లను చీల్చుకొని పాయలై పాఱు ఆ యిఱుకుదరిలో, మైదానమున నింకను ఎండ కాయుచుండగనే, మద్దిచెట్ల క్రింద మసక క్రమ్ముకొనును. పక్షుల సందడి హెచ్చు వేళయు నదియే. చలికాలమున వలసవచ్చు పొన్నంకి పిట్ట, తమిళుల ఆఱుమణిక్కురువి, ఉభయసంధ్యలలోను ఈలవేయును. చేపలు పట్టు గూబయు ప్రొద్దువాలు వేళ కొమ్మ కదలును. ఫ్లాషు వెలిగింపక, ట్రైపాడు నిలుపక, చేతిలోని కెమెరాతోడనే వీనిని చిత్రించు విద్యకు దేహశిక్ష ముఖ్యము.

లెక్క కఠినమైనది. 400 మిల్లీమీటర్ల లెన్సును చేతబట్టినవాడు షట్టరును సెకనులో 400వ వంతుకు మించి తెఱచియుంచరాదని పాతకాలపు వాడుక. ఎఫ్ 5.6 వద్ద ఆ లెన్సు ద్వారము ఇంచుమించు 71 మిల్లీమీటర్లు, ఎఫ్ 2.8 కోరినచో 143 మిల్లీమీటర్లు కావలెను, వెలుగు నాలుగురెట్లగును గాని ఆ గాజుబరువునకు భుజ మొప్పుకొనదు. కనుక ఐ.ఎస్.ఓ.ను 400 నుండి 3200కు పెంచి ఎనిమిదింతల లాభము పొందుట మేలు. నాయిస్ వచ్చునని జంకి చీకటిగా తీసి, పిమ్మట కంప్యూటరులో వెలుగు పెంచువారికి తఱచుగా అంతకంటె వికారమైన గరుకే మిగులును.

వణకు నణచు లెన్సులు నేడు కలవు. అవి మన చేతిని సరిదిద్దునే కాని పిట్ట తలత్రిప్పుట నాపజాలవు. అందుచేత నేర్పరియైనవాడు పక్షి నడవడిని కనిపెట్టి, లకుముకిపిట్ట నీటివంక చూచుచు మెడ బిగబట్టిన ఆ లిప్తకై కాచుకొనును. అప్పుడు 60వ వంతు సెకనైనను చాలవచ్చును. ఎడమచేయి లెన్సు నడుగున పట్టి, మోచేతులను ప్రక్కటెముకల కదిమి, ఒక మోకాలు నేలనూని, రెండవ మోకాలిపై మోచేతి చిప్పను గాక దానికి పైనున్న కండను ఆనించి, ఊపిరి సగము విడిచి, మీటను పొడువక మెల్లగా నొక్కవలెను. మూడునాలుగు చిత్రములు వరుసగా తీసినచో, మొదటిదానిలో వ్రేలి కదలిక చేరినను నడిమివానిలో నొకటి నిలకడగా వచ్చుట కలదు.

హోగెనక్కల్ పరిసల్, అనగా మన పుట్టి, ఎక్కినవారికి ట్రైపాడు నిరర్థకత్వము వెంటనే బోధపడును. మూడుకాళ్లును పుట్టి యడుగుననే నిలుచుటచే దాని యూపంతయు కెమెరాకు సంక్రమించును. నడుము వదులుగా నుంచి కూర్చున్న మనుష్యుని దేహము ఆ యూపులో కొంత మ్రింగును.

మదరాసు నివాసియగు ఎం. కృష్ణన్ (1912–1996), 1950 నుండి మరణపర్యంతము స్టేట్స్‌మన్ పత్రికకు ప్రకృతివ్యాసములు వ్రాసిన మహనీయుడు, వేఱువేఱు భాగములు తానే కూర్చుకొని సూపర్ పాండరోసా యని పరిహాసముగా పేరిడిన కెమెరాతో నలుపుతెలుపు చిత్రములు తీసెను. మసకలో వన్నెలెట్లును వెలవెలబోవును గనుక ఆకారమును నమ్ముకొన్న ఆ మార్గము నేటికిని అనుసరణీయమని నా తలంపు. రంగులపై మోజుగల మిత్రులు దీని నొప్పుకొనరు.

ఇక ఫ్లాషు మాట. చీకటికి విప్పారిన గూబకంటిపై మెఱుపు పడినచో చూపు కొంతసేపు చెదరవచ్చును. గూటియొద్ద బెదరిన తల్లి తొలగినచో పిల్లలు కాకులపాలు కావచ్చును. పైగా ఫ్లాషు చిత్రములో వెనుకటి కొండ నల్లబడి, సంధ్యయే మాయమగును.

ఈ ప్రాంతమున 2014లో ప్రకటింపబడిన కావేరీ ఉత్తర వన్యప్రాణి అభయారణ్యమున అటవీశాఖ యనుమతి లేనిదే అడుగిడరాదు. అభ్యాసమునకు ఊరిచెరువు గట్టుమీది తెల్లకొంగలు చాలును. నల్లని నీటి నడుమ కొంగ నిలిచినప్పుడు కెమెరా చీకటినే లెక్కించి వెలుగు నధికముగా తీసికొనుటచే ఈకలు సున్నమువలె తెల్లబోవును. ఎక్స్‌పోజరు నొక మెట్టు తగ్గించినచో ఈకల వరుస నిలుచును, షట్టరు వేగమును రెట్టింపగును.