కోడంగి చేతికి కథ ఇస్తే: ఒక ఫోన్ ఆట, రెండు పాత నవలలు, మన మాట

మన పక్క "ఆట" అనే మాటకి రెండు అర్థాలుండేవి. పగలు పిల్లోళ్లు ఆడేది ఒకటి. రాత్రి గుడి ముందర దీపాలు పెట్టి తెల్లవారేదాకా పెద్దోళ్లు ఆడేది ఇంకొకటి. కేళికె చూసి వచ్చినోళ్లు "నిన్న రాత్రి ఆటకి పోయింటిమి" అనేవాళ్లు. ఇప్పుడు మూడో ఆట వచ్చింది, ఫోన్‌లో ఆడేది. మాండలిక చరిత్ర రాసుకునే చోట ఈ మూడో ఆట గొడవ ఎందుకప్పా అంటారేమో. కారణం ఉండాది. ఒక పాత నవలని ఆటగా మార్చేటప్పుడు మొదట తేల్చుకోవాల్సింది, ఆడేవాడు ఎవరి నోటితో మాట్లాడల్ల అన్నది. ఇన్నేళ్లుగా మనం ఇక్కడ మాట్లాడుకుంటా ఉండేదీ అదే కదా.

నేను చెప్పబోయే ఆట పేరు "80 డేస్". ఇంగ్లాండులోని కేంబ్రిడ్జిలో ఉన్న ఇంకిల్ అనే చిన్న సంస్థ 2014లో తెచ్చింది. రాతలో ఎక్కువ భాగం మెగ్ జయంత్ అనే రచయిత్రిది. ఆ ఏడాది వచ్చిన ఆటల్లో టైమ్ పత్రిక దీనికి మొదటి స్థానం ఇచ్చింది. కాల్చుకోవడం, పరిగెత్తడం ఏమీ లేవు. చదవల్ల, రెండు మూడు జవాబుల్లో ఒకటి ఎంచుకోవల్ల, మళ్లీ చదవల్ల. మా ఇంటి పిల్లోడు బెంగళూరు నుంచి వచ్చినప్పుడు నా ఫోన్‌లో వేసిపోయినాడు. కళ్లద్దాలు పెట్టుకొని పది రోజులు చదివినాను. దాన్ని ఆడినాననే కంటే చదివినాననే చెప్పల్ల.

దీనికి మూలం జూల్ వెర్న్ ఫ్రెంచిలో రాసిన నవల. 1872లో పత్రికలో వరసగా వచ్చి, 1873లో పుస్తకమైంది. లండన్‌లో ఫిలియాస్ ఫాగ్ అనే దొర ఎనభై రోజుల్లో భూమి చుట్టి వస్తానని 20,000 పౌండ్లు పందెం కాస్తాడు. కొత్తగా పనికి చేరిన పాస్‌పార్తూ అనే ఫ్రెంచి నౌకరుని వెంటబెట్టుకొని బయలుదేరతాడు. అదే సమయంలో బ్యాంక్ ఆఫ్ ఇంగ్లాండులో 55,000 పౌండ్లు పోయింటాయి. ఆ దొంగ ఫాగే అని ఫిక్స్ అనే డిటెక్టివ్ వెనకే పడతాడు. ముప్పై ఏళ్లకు పైన బ్యాంకులో క్యాషు లెక్కపెట్టిన నాకు ఆ నవల మీద ప్రేమ పుట్టిందంటే అందులో వింతేమీ లేదు.

ఫాగ్ ఎట్లాంటివాడో గుర్తు చేసుకోండి. తొందరపడడు, బెదరడు, ఊరు చూడడు. రైలు పట్టాలు ఆగిపోతే 2,000 పౌండ్లు పారేసి ఏనుగుని కొంటాడు. చదివేకి బాగుంటాడు కానీ, అట్లాంటివాడిగా ఆడితే ఏముంటుంది? వాడికి సందేహమే రాదు. సందేహం లేనోడికి ఎంచుకునేకి ఏమీ ఉండదు. ఎంచుకునేది లేకపోతే ఆట లేదు.

ఇంకిల్ వాళ్లు ఇది పసిగట్టినారు. ఆడేవాడిని ఫాగ్ చేయలేదు, పాస్‌పార్తూ చేసినారు. దొర కోట్లు సర్దేది, డబ్బు లెక్క చూసేది, ఒక ఊర్లో సామాను కొని ఇంకొక ఊర్లో అమ్మేది, ఏ బండి ఎప్పుడు పోతుందో కనుక్కునేది అంతా మనమే. చేతిలో డబ్బు అయిపోతే బ్యాంకుకి పోవచ్చు. కానీ ఎంత ఎక్కువ అడిగితే అన్ని ఎక్కువ రోజులు కాచుకోవల్ల. ఎనభై రోజుల పందెంలో రోజు కంటే ఖరీదైంది ఇంకేముంది? అప్పుకి అసలు వడ్డీ కాలమేనని ఇంత బాగా చెప్పిన కథని నేను ఇంకొకటి చూడలేదు. ఎనభై రోజులు దాటిపోయినా ఆట తెగిపోదు. పందెం ఓడిపోయినోళ్లుగానే లండన్ చేరవచ్చు. అదీ నాకు నచ్చింది.

ఈ మార్పు మూలానికి ద్రోహమని ఎవరైనా అంటే నేను ఒప్పుకోను. నవలని నిదానంగా చదివితే, కష్టమైన పనులన్నీ వెర్న్ నౌకరు చేతిలోనే పెట్టినాడని తెలుస్తుంది. బొంబాయిలో చెప్పులేసుకొని గుడిలోకి పోయి తన్నులు తినేది పాస్‌పార్తూ. సతి చేయబోతున్న ఔదాని కాపాడేకి చచ్చిపోయిన రాజు మాదిరి చితి మీద నుంచి లేచేది పాస్‌పార్తూ. ఆఖరికి ఆ రోజు ఆదివారం కాదు శనివారమని, పందెం ఇంకా పోలేదని కనుక్కొని పరిగెత్తుకొచ్చేదీ వాడే. పేరు దొరది, పని వీడిది. ఆట చేసినోళ్లు పుస్తకంలో లేనిదాన్ని తేలేదు, పుస్తకం లోపల ఉన్నదాన్ని బయటికి లాగినారు. పాత రచనని ఇంకో రూపంలోకి మార్చేటప్పుడు నేను వెతికేది ఇదే. కథ ఎంత మిగిలింది అని లెక్కపెట్టను. మూలంలో చీకట్లో ఉన్న మనిషి మీద దీపం పడిందా అని చూస్తాను.

ఇంకో మంచి పని కూడా చేసినారు. వెర్న్ పుస్తకంలో తెల్లవాళ్లు కానోళ్లు చాలామంది దారిలో కనబడి పోయే బొమ్మలే. ఔదా కూడా పెద్దగా నోరు తెరవదు. ఆటలో ఊరూరి మనుషులకీ వాళ్ల పనులుంటాయి, వాళ్ల కోపాలుంటాయి. వీళ్ల పందెం వాళ్లకి లెక్కే లేదు. మనం ఏమైనా అడిగితే ఒక్కోసారి జవాబే చెప్పరు.

పోయింది కూడా చెప్పల్ల కదా. నవలలో దారి ఒక్కటే. ఆఖరి అధ్యాయాల బిగువంతా ఆ ఒక్క దారి వల్ల వచ్చింది. ఆటలో నూరుకి పైన ఊర్లు, లెక్కలేనన్ని దారులు. ఒకరు మన దేశం మీదుగా పోతే ఇంకొకరు ఈ వైపుకే రారు. ఆ బిగువు పలచబడింది. దానికంటే నాకు పెద్ద లోటుగా తోచింది భాష. ఎన్ని ఊర్లు దాటినా, నాకు కనబడినంత మేర అందరూ ఒకే మాదిరి చక్కని ఇంగ్లీషు మాట్లాడతారు. పాస్‌పార్తూ నోట్లో "మొస్యూ" లాంటి ఫ్రెంచి మాటలు మెరుస్తాయి, అంతే. మనుషులకి ఎవరి మనసు వాళ్లకి ఇచ్చినారు కానీ, ఎవరి మాట వాళ్లకి ఇవ్వలేదు. అది సగం న్యాయం.

ఇక్కడ నాకు మన కోడంగి గుర్తుకొస్తాడు. ఆటలో రాజు పద్యం పాడతాడు, పుస్తకం భాషలో సంవాదం చెప్తాడు. కోడంగి మాత్రం మన మాటే మాట్లాడతాడు. "ఏమి సామీ, ఇంత మొబ్బులో యాడికి ఎల్లబారినారు?" అని రాజునే అడుగుతాడు. రాజు జవాబు చెప్తే గాని జనానికి కథ అర్థం కాదు. నవ్వించేది ఒకటే వాడి పని కాదు. చూసేవాళ్ల తరఫున కథలోకి పోయి ప్రశ్నలు అడిగేవాడు వాడు. ఫోన్ ఆటలో పాస్‌పార్తూ చేసేదీ అచ్చం ఇదే.

మరి తెలుగు నవలల్లో ఇట్లా ఆట కట్టేకి ఏది పనికొస్తుంది? నా మనసుకి వెంటనే వచ్చేది మొక్కపాటి నరసింహశాస్త్రి "బారిష్టరు పార్వతీశం". మొదటి భాగం 1924లో వచ్చింది. మొగల్తూరు కుర్రాడు బారిష్టరు కావాలని సీమకి బయలుదేరతాడు. రైలు, మద్రాసు, ఓడ, పరాయి దేశం. దారి పొడుగునా అన్నీ ఎంచుకోవాల్సినవే. 1940లో సినిమాగా కూడా వచ్చింది. ఆటకి సిద్ధంగా ఉన్న కథ అనిపిస్తుంది.

అనిపిస్తుంది గాని, ఒక చిక్కుంది. మద్రాసులో టోపీ కొంటాడు గుర్తుందా? అది ఆడవాళ్ల టోపీ. మనకి తెలుస్తుంది, వానికి తెలియదు. తన కథ తానే చెప్తా ఉంటాడు, అయినా వానికంటే మనకే ఎక్కువ తెలుస్తుంది. పుస్తకం మొత్తం నవ్వు ఆ తేడాలోనే ఉండాది. ఇప్పుడు ఆడేవాడిని పార్వతీశం చేసి, "మగవాళ్ల టోపీ కొంటావా, ఆడవాళ్ల టోపీ కొంటావా?" అని రెండు గుండీలు ఇచ్చినారనుకోండి. నవ్వు అక్కడే చచ్చిపోతుంది. తెలివైనవాడు సరైన టోపీ కొని సీమకి పోతాడు, కథ ఏమీ మిగలదు.

కాబట్టి ఇక్కడా పక్కనోడి చేతికి ఇవ్వల్ల. టోపీ అమ్మే అంగడిలో పనిచేసేవాడిగా ఆడనీ. చెప్పల్లా, గమ్మునుండల్లా? రైల్లో పక్కన కూర్చున్నవాడిగా ఆడనీ. ఓడలో అన్నం పెట్టేవాడిగా ఆడనీ. ఒక్కో మజిలీకి ఒక్కో మనిషి. అప్పుడు పార్వతీశం మాట పార్వతీశానికే ఉంటుంది. ఆ గోదావరి పలుకుబడి మీద చెయ్యి వేయకూడదు, దాన్ని మన మాటలోకి తిప్పేకి కూడా నేను ఒప్పుకోను. పక్కనోళ్లకి మాత్రం వాళ్ల వాళ్ల తెలుగు ఇయ్యల్ల. మద్రాసు తెలుగు ఒకటి, ఆరణి తెలుగు ఒకటి, మన మొరసునాటి తెలుగు ఒకటి. అప్పట్లో మద్రాసు వీధిలో ఇవన్నీ కలిసి వినబడేవే కదా.

ఇంగ్లీషు ఆటలో నేను చెప్పిన లోటు ఇక్కడ తీరుతుంది. మన పక్క మనిషికి ఏం చెప్పల్ల అనేదానికంటే ముందు ఏ మాటలో చెప్పల్ల అనేది తేల్చుకోవాల్సి వస్తుంది. బాగేపల్లి సంతలో "ఎంతప్పా?" అని అడిగితే ఒక ధర, "ఎష్టు?" అంటే ఒక ధర, పుస్తకం తెలుగులో "ఎంతండీ?" అంటే ఇంకొక ధర. బ్యాంకులో నా ముందర కూర్చున్న రైతులు మర్యాదకి కన్నడంలో మొదలుపెట్టేవాళ్లు. అందులో అంతా సరిగ్గానే ఉండేది, పైరు బాగుండేది, కంతు కడతామనేవాళ్లు. "కూర్చోప్పా, ఏం కష్టం?" అని నేనంటే అప్పుడు అసలు సంగతి వచ్చేది: "వాన లేదు సామీ, ఈ తూరి కంతు కట్టేకి అయ్యేలేదు." మనిషి ఒకడే, అప్పు ఒకటే. మాట మారితే కథ మారింది. ఒక ఆటలో ఎంచుకునే గుండీలు ఇట్లా ఉండల్ల. అర్థం ఒకటే, మాట వేరు, తెరుచుకునే తలుపు వేరు. ఇంగ్లీషులో దీన్ని చేయడం కష్టం. చింతామణిలో పెరిగినోడికి ఇది పుట్టుకతో వచ్చిన విద్య.

ఒక భయం మాత్రం ఉండాది. సినిమాలో మన యాస వినబడితే వాడు గూండా అయినా అయ్యుంటాడు, నవ్వుల పనివాడైనా అయ్యుంటాడు. కోడంగికి ఇయ్యండి అన్నానని ఆటలో కూడా మన మాటని నవ్వుకి మాత్రమే వాడితే చేసినదంతా బూడిదలో పోసినట్లే. కోడంగి రాజుని ప్రశ్న అడిగేవాడు. ఆ హక్కుతో సహా ఇయ్యల్ల. ఏడ్చేది, అప్పు అడిగేది, ప్రేమ చెప్పుకునేది, చావు కబురు చెప్పేది, అన్నీ మన మాటలో జరగల్ల.

ఇంకొకటి లిపి. చిక్కబళ్లాపురం, గుడిబండ, బాగేపల్లి పిల్లలు ఇంట్లో తెలుగు మాట్లాడతారు, బడిలో కన్నడం చదువుతారు. తెలుగు అక్షరం చూస్తే చాలామందికి నోరు రాదు. తెలుగు లిపిలో ఆట చేసి "మన పిల్లల కోసం" అంటే అది వాళ్ల ముందర మూసిన తలుపే. కానీ మన పక్క దీనికి పాత దారి ఒకటుంది. కైవారం తాతయ్య తెలుగు పాటల్ని కన్నడ అక్షరాల్లో అచ్చేసుకొని పాడుకున్న ఊర్లు మనవి. ఆటలో అదే తెలుగుని రెండు లిపుల్లోనూ పెట్టల్ల, కావలసినోళ్లు కావలసింది చదువుకుంటారు. దానికి తోడు పెద్దోళ్ల గొంతు. అవ్వ మాట్లాడిన "అట్లనా" లో సాగదీత ఏ లిపిలోనూ దిగదు.

ఇదంతా డబ్బున్నోళ్ల పని అనుకోవద్దు. ఇంకిల్ వాళ్లు తమ ఆటలు రాసుకునేకి వాడిన "ఇంక్" అనే పనిముట్టుని 2016లో అందరికీ ఉచితంగా ఇచ్చేసినారు. అందులో మామూలు రాత ఫైలులోనే కథ రాసేది. ఇక్కడ మాట్లాడినాడు, ఇక్కడ రెండు జవాబులు, ఇక్కడికి పో అని గుర్తులు పెట్టేది. కంప్యూటర్ చదువు చదివిన పిల్లోళ్లు ప్రతి ఇంట్లో ఒకరున్నారు. వాళ్లకి లేనిది మాట. అది మన దగ్గరుంది, ఇంకెన్నాళ్లుంటుందో చెప్పలేం.

కాబట్టి చదివేవాళ్లని నేను అడిగేది చిన్నది. పెద్ద నవల వద్దు. మీ ఊరి ఆటలో కోడంగి అడిగిన ప్రశ్నలు మీకు గానీ మీ ఇంట్లో పెద్దోళ్లకి గానీ గుర్తుంటే, అవి ఎట్లా అడిగినాడో అట్లే రాసి పంపండి. సరిదిద్దకండి, పుస్తకం భాష చేయకండి. ఏ లిపిలో రాసినా సరే.