పాస్ చూపించన్నా

విమానాశ్రయంలో కొత్తగా చేరిన పిల్లలకు భద్రత గురించి చెప్పే తరగతిలో నేను బాంబుల బొమ్మలు చూపించడం ఎప్పుడో తగ్గించేశాను. తెర మీద వైర్లూ బ్యాటరీలూ కనిపించగానే అందరూ నిటారుగా కూర్చుంటారు. భోజనానికి లేచేసరికి మరిచిపోతారు. ఇప్పుడు వాళ్లతో చిన్న నాటకం ఆడిస్తున్నాను. ఒకమ్మాయిని తలుపు దగ్గర నిలబెట్టి, అది కార్డు గీస్తేనే తెరుచుకునే తలుపు అనుకోమంటాను. ఆమె కార్డు గీసి లోపలికి అడుగు పెడుతుండగా వెనక నుంచి ఒకాయన వస్తాడు. చేతుల్లో రెండు అట్టపెట్టెలు. ఆమెకంటే పదేళ్లు సీనియర్, రోజూ కలిసి టీ తాగే మనిషి. మెడలో పాస్ కనబడదు. “తలుపు కాస్త పట్టుకో తల్లీ” అంటాడు.

ఇంచుమించు అందరూ పట్టుకుంటారు.

పాస్ అందరికీ కనిపించేలా వేసుకోవాలనీ, ఒకరి కార్డు మీద ఇద్దరు లోపలికి వెళ్లకూడదనీ వాళ్లకు తెలుసు. పౌర విమానయాన భద్రతా సంస్థ బీసీఏఎస్ పాస్ ఇచ్చేది ఫలానా మనిషికి, ఫలానా చోట్లకే. పరీక్షలో ఈ ప్రశ్నకు తప్పు జవాబు రాసినవాళ్లను నేను చూడలేదు. చెయ్యి మాత్రం తలుపు మీదికి పోతుంది. ఎందుకంటే మొహమాటం. పెద్దవాణ్ణి, తెలిసినవాణ్ణి, చేతినిండా బరువున్నవాణ్ణి ఆపి “పాస్ చూపించన్నా” అనడానికి మన ఇళ్లలో ఎవరూ తర్ఫీదు ఇవ్వలేదు. ఒకసారి ఒక పిల్ల మాత్రం తడుముకోకుండా అనేసింది. వాళ్ల నాన్న బస్సు కండక్టరట!

తెలిసిన ముఖాన్ని మొదటిరోజు చూసినట్టే చూడడం ఈ వృత్తిలోకెల్లా కష్టమైన పని. 2018 అక్టోబర్ 25న విశాఖ విమానాశ్రయం వీఐపీ లాంజ్‌లో అప్పటి ప్రతిపక్ష నేత వై.ఎస్. జగన్‌మోహన్ రెడ్డి మీద దాడి జరిగింది. ఎడమ చేతికి గాయమైంది. వాడింది చిన్న కోడికత్తి. పట్టుబడినవాడు ఆ విమానాశ్రయంలోని రెస్టారెంట్లోనే పనిచేసేవాడు. కేసు ఎన్ఐఏ దాకా వెళ్లింది. ఎవరు చేయించారు, ఎందుకు చేశారు అన్నదాని మీద ఏళ్ల తరబడి సభల్లో, టీవీల్లో జరిగిన రభస తెలుగువాళ్లకు చెప్పనక్కర్లేదు. ఆ హోరులో మావాళ్లకు పనికొచ్చే ప్రశ్న ఒకటి కొట్టుకుపోయింది. ప్రయాణికుడి సంచిలో చిన్న చాకు దొరికితే తీసి పక్కన పడేస్తామే, అలాంటి చోట కోడికత్తి లాంజ్ దాకా ఎలా వచ్చింది?

అమెరికాలో ఈ ప్రశ్నకు 43 ప్రాణాలు పోయాక గానీ జవాబు వెతకలేదు. 1987 డిసెంబర్ 7న కాలిఫోర్నియాలో, ఉద్యోగం పోయిన ఒక ఎయిర్‌లైన్స్ ఉద్యోగి తుపాకీతో పీఎస్ఏ విమానం ఎక్కాడు. పని పోయింది గానీ గుర్తింపు కార్డు పోలేదు. దాంతో తనిఖీ తప్పించుకున్నాడు. విమానం కూలి అందులో ఉన్నవాళ్లంతా చనిపోయారు. ఉద్యోగం పోయినవాడి దగ్గర కార్డు వెంటనే వెనక్కి తీసుకోవాలనీ, సిబ్బందినీ ప్రయాణికుల్లాగే తనిఖీ చేయాలనీ అక్కడ పట్టుబట్టింది ఆ తర్వాతే. మన దగ్గర పైలట్ అయినా సీఐఎస్ఎఫ్ వాళ్ల ముందు చేతులు చాపి నిలబడాల్సిందే. నన్నడిగితే అది అవమానం కాదు, రక్షణ.

తరగతిలో నేను ఎక్కువసేపు ఆగేది మాత్రం ఎయిరిండియా కనిష్క విమానం కథ దగ్గర. 1985 జూన్ 22, కెనడాలోని వాంకూవర్. కౌంటర్ దగ్గరికి ఒకడు సూట్‌కేసుతో వచ్చాడు. టొరంటో వరకే సీటు ఖాయమైంది, అక్కణ్ణుంచి ఎయిరిండియా విమానంలో ఇంకా వెయిటింగ్ లిస్టే. అలాంటప్పుడు పెట్టెకు టొరంటో దాకానే ట్యాగ్ వేయాలి. కౌంటర్లోని ఉద్యోగిని అదే చెప్పింది. వాడు వాదించాడు, వదల్లేదు. వెనక క్యూ పెరుగుతోంది. చివరికి ఆమె సరేనంది. పెట్టె వెళ్లింది, మనిషి విమానమే ఎక్కలేదు.

టొరంటోలో సామాన్లు చూసే ఎక్స్‌రే యంత్రం ఆ రోజే చెడిపోయింది. చేత్తో పట్టుకునే చిన్న పరికరంతో పెట్టెలు వాసన పట్టారు. పేలుడు పదార్థం ఉంటే ఇది గట్టిగా కేక పెడుతుందని అగ్గిపుల్ల గీసి మరీ చూపించారు. ఒక పెట్టె దగ్గర అది సన్నగా బీప్‌మంది. సన్నగా కూస్తే ఏం చేయాలో ఎవరూ చెప్పలేదు. పెట్టె లోపలికి వెళ్లిపోయింది. మర్నాడు, జూన్ 23న, ఐర్లండ్ తీరం దగ్గర సముద్రం మీద విమానం పేలి 329 మంది పోయారు. అదే రోజు జపాన్‌లోని నరిటాలో, వాంకూవర్ నుంచే వచ్చిన ఇంకో పెట్టె పేలింది. చనిపోయిన ఇద్దరూ సామాన్లు మోసేవాళ్లు. ఈ మాట చెప్పినప్పుడు వెనక బెంచీల్లో కూర్చున్న లోడర్ కుర్రాళ్లు తలెత్తి చూస్తారు.

“ఆవిడ కాదనుంటే సరిపోయేది కదా సార్” అని ఎవరో ఒకరు అంటారు. ఆ మాట నేను ఒప్పుకోను. క్యూ చూసి తిట్టే ప్రయాణికులు ముందు, ఆలస్యమైతే తిట్టే మేనేజర్ వెనక ఉంటే, మధ్యలో ఉన్న చిన్న ఉద్యోగి ఎంతసేపు నిలబడగలదు? “క్యూ ఆగితే ఆగనీ, నేను చూసుకుంటా” అనే మనిషి ఆమె వెనక ఉండాలి. ఉత్తుత్తి అనుమానానికి విమానం ఆపిన కుర్రాడికి మర్నాడు మెమో ఇచ్చే చోట ఎన్ని తరగతులు పెట్టినా దండగే. తరగతికి ముందు రావలసింది మేనేజర్లే అని నా అభిప్రాయం. వాళ్లు సంతకం పెట్టి, టీ తాగి వెళ్లిపోతుంటారు.

కనిష్క తర్వాత, 1987 ఏప్రిల్ 1న, బీసీఏఎస్ వేరే శాఖగా ఏర్పడింది. ఇప్పుడు మనిషి ఎక్కకపోతే పెట్టె దించుతారు. మే నెల ఎండలో ఒక లోడర్ విమానం పొట్టలోకి మోకాళ్ల మీద పాకి, ట్యాగ్ చివరి నాలుగంకెలు రాసుకున్న చీటీ పట్టుకుని ఒక్కో పెట్టే తిప్పి చూస్తుంటాడు. పైన ఏసీలో మనం విసుక్కుంటుంటాం. ఇక 2024 అక్టోబర్‌లో మన విమానాలకు వందల్లో ఉత్తుత్తి బాంబు బెదిరింపులు వచ్చాయి. ‘నాన్నా పులి’ కథలో తండ్రికి రాకుండా ఉండే వీలైనా ఉంది, భద్రతా సిబ్బందికి అదీ లేదు.

“బ్యాగు మీరే సర్దుకున్నారా? ఎవరైనా ఏమైనా ఇచ్చారా?” ఈ ప్రశ్నను మావాళ్లు కంప్యూటర్ వైపు చూస్తూ అప్పజెబుతారు, ప్రయాణికులు ఫోన్ వైపు చూస్తూ ఊకొడతారు. 1986 ఏప్రిల్ 17న లండన్ హీత్రూలో ఇజ్రాయెల్ విమాన సంస్థ ఎల్ అల్ సిబ్బంది మాత్రం ముఖంలోకి చూసి అడిగారు. ఎదురుగా ఉన్నది ఒక ఐరిష్ యువతి, గర్భిణి, ఒంటరిగా ఇజ్రాయెల్ వెళ్తోంది. కాబోయే భర్త వేరే విమానంలో వస్తానన్నాడట. ఆమె బ్యాగు అప్పటికే విమానాశ్రయం తనిఖీ దాటేసింది. జవాబులు అతకడం లేదనిపించి వీళ్లు బ్యాగులో సామానంతా తీశారు. ఖాళీ బ్యాగు కూడా బరువుగానే ఉంది. అడుగున దొంగ అరలో పేలుడు పదార్థం దొరికింది. ఆ విమానంలో వెళ్లాల్సినవాళ్లు 375 మంది. ఆ అమ్మాయికి ఏమీ తెలియదు. బ్యాగు ఇచ్చిన నిజార్ హిందావికి 45 ఏళ్ల శిక్ష పడింది.

యంత్రం దాటిపోయినదాన్ని చేతికి తెలిసిన బరువు పట్టిచ్చింది. నేర్పగలిగితే నేర్పాల్సిన విద్య ఇదే.

ఇక గల్ఫ్‌కి, అమెరికాకి పిల్లల్ని సాగనంపే పాఠకులకు ఒక మాట. శంషాబాద్ డిపార్చర్ గేటు బయట రోజూ చూస్తుంటాను. పచ్చడి డబ్బానో, మందుల పొట్లమో పట్టుకుని “అక్కడ మా తమ్ముడొచ్చి తీసుకుంటాడు, కాదనకండి” అని ఎవరో బతిమాలుతుంటారు. లోపల ఏముందో తెలియని పొట్లం మోసి పరాయి దేశంలో జైలు పాలైన మనవాళ్లున్నారు. మొహమాటపడకండి, తీసుకోకండి. అయినవాళ్లదే అయితే మీ ముందు విప్పించి, మీ చేత్తో సర్దుకోండి. కౌంటర్లో అడిగితే ఫలానావాళ్లు ఇచ్చారని ఉన్నదున్నట్టు చెప్పండి. మహా అయితే పెట్టె విప్పుతారు, కాస్త ఆలస్యమవుతుంది. మూడు గంటల ముందు రమ్మనేది అందుకే.